ఒక డిస్కు, పది యంత్రాలు

2008 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఐదు వేల ప్రభుత్వ హైస్కూళ్ళలో కంప్యూటర్ ల్యాబులు పెట్టడానికి పూనుకుంది. పిల్లల లెక్క సుమారు 18 లక్షలు. అంతమందికి సరిపడా పీసీలు కొనడం అయ్యే పని కాదు. అందుకని కాలిఫోర్నియాకి చెందిన ఎన్‌కంప్యూటింగ్ అనే సంస్థ సరుకు తీసుకున్నారు. దాని కిటుకు చాలా మామూలుది. ఒక సాధారణ పీసీలో ఒక కార్డు పెడతారు. ఆ కార్డు నుంచి కేబుళ్ళు బయల్దేరి, అరచేతిలో పట్టే చిన్న డబ్బాలకి చేరతాయి. ఒక్కో డబ్బాకి ఒక మానిటరు, ఒక కీబోర్డు, ఒక మౌసు. డబ్బాలో చెప్పుకోదగ్గ ప్రాసెసర్ ఉండదు. డిస్కు అసలే ఉండదు. ఒకటీ రెండు వాట్ల కరెంటు ఇస్తే చాలు, బతికేస్తుంది. దాని ముందు కూర్చున్న పిల్లాడికి మాత్రం ఒక పూర్తి కంప్యూటర్ తన ఒక్కడి కోసమే ఉన్నట్టు కనబడుతుంది.

ఈ ఏర్పాటు వెనకున్న వాదన కాదనలేనిది. పిల్లాడు పెయింట్‌లో ఇల్లు, కొండ, కొండ మధ్యలో సూర్యుడు గీస్తున్నంతసేపూ లోపలి ప్రాసెసర్ దాదాపు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటుంది. ఆ ఖాళీ సమయాన్ని ఇంకో నలుగురికి పంచితే ఎవరికీ నష్టం లేదు. మెమరీ కూడా అంతే, కాస్త ఎక్కువ వేసుకుంటే సరిపోతుంది. కానీ డిస్కు సంగతి అలా కాదు. ప్రాసెసర్ సమయం వాడుకుంటే అయిపోతుంది, దాని ఆనవాలు మిగలదు. డిస్కు మీద రాసింది మిగులుతుంది. రేపు వచ్చేవాడికి కనబడుతుంది, అడ్డం కూడా వస్తుంది. అందుకే పంపకాల్లో డిస్కు దగ్గరికొచ్చేసరికి ప్రతి తరంలోనూ ఇంజినీర్లు ఒకసారి ఆగి ఆలోచించాల్సి వచ్చింది. నేను బెంగళూరులో చేసే ఉద్యోగంలో రోజూ చేసే పని ఇదే: ఒక డిస్కు ఇమేజిని పది వర్చువల్ మెషీన్లకి పంచడం. అది ఎక్కడ మొదలైందో వెతుక్కుంటూ వెళితే అరవై ఏళ్ళ వెనక్కి పోవాల్సి వచ్చింది.

ముందు ఒక సాంకేతిక సవరణ చెప్పేయాలి. ఆ స్కూలు డబ్బాలు నిజానికి వర్చువల్ మెషీన్లు కావు. ఒకే ఆపరేటింగ్ సిస్టమ్‌లో అనేక మంది ఒకేసారి లాగిన్ అవ్వడం, అంతే. వర్చువల్ మెషీన్ అంటే ఒక్కొక్కరికీ ఒక ఆపరేటింగ్ సిస్టమే విడిగా ఉంటుంది. అది తనకో సొంత యంత్రం ఉందని మనస్ఫూర్తిగా నమ్ముతుంది. తేడా పెద్దదే. కానీ డిస్కు ముందు ఇద్దరూ అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇందులో ఎవరు చదవొచ్చు, ఎవరు రాయొచ్చు?

1964 చివర్లో, అమెరికాలో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఐబీఎం వాళ్ళ చిన్న పరిశోధన కేంద్రం ఒకటి సీపీ-40 అనే ప్రాజెక్టు మొదలుపెట్టింది. దానికి నాయకుడు రాబర్ట్ క్రీసీ. అప్పటికి కంప్యూటర్ అంటే ఒక హాలు నిండా ఉండే వస్తువు. దాన్ని అనేకమంది ఒకేసారి వాడుకునేలా చెయ్యడమెలా అని అన్నిచోట్లా తలలు బద్దలుకొట్టుకుంటున్నారు. క్రీసీ బృందం విచిత్రమైన దారి పట్టింది. వాడేవాళ్ళకి కంప్యూటర్‌లో వాటా ఇవ్వడం మానేసి, ప్రతి ఒక్కరికీ ఒక పూర్తి కంప్యూటర్ ఉన్న భ్రమ ఇద్దామన్నారు. ఆ భ్రమకే తర్వాత వర్చువల్ మెషీన్ అన్న పేరు స్థిరపడింది. సీపీ-40 తర్వాత సీపీ-67 వచ్చింది. 1972 ఆగస్టులో ఐబీఎం దాన్ని వీఎం/370 అన్న పేరుతో అధికారికంగా బజారులో పెట్టింది.

భ్రమ కల్పించడం బాగానే ఉంది గానీ, ప్రతి భ్రమకీ ఒక డిస్కు కావాలి కదా. ఆ రోజుల్లో డిస్కు అంటే పళ్ళేలు దొంతర పేర్చినట్టుండే బరువైన వస్తువు, ఖరీదైనది. యాభై మందికి యాభై డిస్కులు ఇవ్వలేరు. వాళ్ళు చేసిన ఏర్పాటు చూస్తే నాకిప్పటికీ ముచ్చటేస్తుంది. ముందు ఒక పెద్ద డిస్కుని చిన్న చిన్న ముక్కలుగా కోశారు, వాటికి మినీడిస్కులని పేరు. తర్వాత, అందరికీ కావాల్సిన వ్యవస్థ ప్రోగ్రాములన్నీ ఒకే మినీడిస్కులో పెట్టారు. దాని అడ్రసు 190. ప్రతి వర్చువల్ మెషీన్‌కీ 190 కనబడుతుంది, చదవడానికి మాత్రమే. రాయడానికి ఒక్కొక్కరికీ వేరే చిన్న మినీడిస్కు, అడ్రసు 191. దానికి ఏ-డిస్కు అని పేరు. అందరి 190 ఒకటే. ఎవరి 191 వాళ్ళదే.

ఇంకో చక్కటి సంగతి ఉంది. మీరేదైనా ప్రోగ్రాము పేరు కొడితే ఆ వ్యవస్థ ముందు మీ ఏ-డిస్కులో వెతుకుతుంది. అక్కడ లేకపోతేనే మిగతా డిస్కులు దాటుకుంటూ ఉమ్మడి డిస్కు దాకా వెళుతుంది. అంటే ఉమ్మడిగా ఉన్నదేదైనా మీకు నచ్చకపోతే అదే పేరుతో మీ సొంతది ఒకటి రాసుకోవచ్చు. మీకు మీదే కనబడుతుంది, పక్కవాడికి పాతదే కనబడుతుంది. ఉమ్మడి ఆస్తి చెక్కుచెదరదు, మీ మాటా చెల్లుతుంది. ఉమ్మడి కుటుంబాల్లో ఇంత మర్యాదైన ఏర్పాటు నేనెక్కడా చూడలేదు.

అదే వ్యవస్థలో ఒక ప్రమాదకరమైన తలుపు కూడా ఉంది. వేరేవాళ్ళ డిస్కుని తగిలించుకోవడానికి లింక్ అనే ఆదేశం ఉండేది. దానికి రకరకాల పద్ధతులు: ఆర్ అంటే చదవడానికి, డబ్ల్యూ అంటే రాయడానికి. చివర్లో ఎండబ్ల్యూ అని ఒకటి ఉంది. ఇంకొకరు అప్పటికే రాస్తున్నా సరే, నాకూ రాసే హక్కు ఇవ్వు అని దానర్థం. వ్యవస్థ ఇచ్చేస్తుంది. ఇచ్చాక ఏమవుతుందో రాయలసీమ వాళ్ళకి చెప్పడం తేలిక. ఒక ఊరికి ఇద్దరు కరణాలున్నారనుకోండి. ఇద్దరూ పొద్దున్నే భూముల రికార్డు చూసి, ఏ సర్వే నంబరు ఖాళీగా ఉందో మనసులో పెట్టుకుని ఎవరి అరుగు మీదికి వాళ్ళు వెళ్ళిపోయారు. మధ్యాహ్నానికి ఒకే ఖాళీ నంబరుని ఇద్దరూ చెరో రైతుకి రాసిచ్చేశారు. సాయంత్రం రికార్డు తిరగరాసేటప్పుడు ఎవడు చివర వస్తే వాడి మాటే మిగులుతుంది. రెండు పాసుపుస్తకాలు, ఒకటే చేను. తర్వాతి కథ కోర్టులో.

డిస్కు మీద జరిగేది అచ్చంగా ఇదే. ప్రతి ఆపరేటింగ్ సిస్టమూ డిస్కు తాలూకు జాబితాని, అంటే ఏ ఫైలు ఎక్కడుంది, ఏ గడి ఖాళీ అన్న వివరాన్ని, ఒకసారి చదివి తన మెమరీలో పెట్టుకుంటుంది. ఆ తర్వాత డిస్కుని మళ్ళీ అడగదు, తనకి తెలిసిందే నిజమనుకుంటుంది. ఎందుకంటే ఆ డిస్కు తన ఒక్కదానిదే అని దాని నమ్మకం. వర్చువల్ మెషీన్ బతికేదే ఆ నమ్మకం మీద. ఒకళ్ళు రాస్తూ ఇంకొకళ్ళు చదివినా చిక్కే: చదివేవాడి చేతిలో ఉన్న జాబితా పాతబడిపోయి, వాడు ఫైలనుకుని చెత్త చదువుతాడు. ఇక్కడ ఎవరూ తప్పు చేయలేదు చూడండి. ఇద్దరూ రూలు ప్రకారమే నడిచారు. ఇంకొకడున్నాడని ఇద్దరికీ తెలియదు, అంతే.

ఇప్పటి లైనక్స్‌లో అయినా ఇంతే. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ ఉన్న ఒక డిస్కు ఇమేజిని రెండు వర్చువల్ మెషీన్లకి రాసే హక్కుతో తగిలించి చూడండి (విలువైనవి అందులో ఏవీ లేకుండా చూసుకుని మరీ). కాసేపు అంతా బాగానే ఉంటుంది. ఒక మెషీన్‌లో రాసిన ఫైలు రెండోదానికి కనబడదు. దాన్ని రీబూట్ చేస్తే కనబడుతుంది. ఆ తర్వాత ఏదో ఒక రోజు సగం ఫైళ్ళు మాయమవుతాయి.

అనంతపురం వాడు పంపకాల గురించి రాస్తూ చెరువు మాట ఎత్తకుండా ఉండలేడు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల సగటు వాన కూడా గట్టిగా పడుతుందన్న భరోసా లేని జిల్లా మాది. ఊరి పేరే చెరువుతో ముడిపడి ఉంది. 1364లో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు పండమేరు వాగుకి అడ్డంగా పెద్ద చెరువు కట్టించి, కట్టకి రెండు కొసల్లో రెండు ఊళ్ళు నిలబెట్టాడని చెప్తారు: ఒకటి బుక్కరాయసముద్రం, రెండోది అనంతసాగరం. ఒక నీరు, రెండు ఊళ్ళు. ఒక డిస్కు, రెండు మెషీన్లు అని పోలిక లాగేయడం ఎంత సులువో చూశారా. నేను కూడా మొదట అలాగే లాగాను, కానీ అది సగమే నిలబడుతుంది. చెరువులో నీళ్ళు వాడితే తగ్గుతాయి. డిస్కుని ఎంతమంది చదివినా అరగదు. చదువరుల విషయంలో చెరువు పోలిక పనికిరాదు.

రాసేవాళ్ళ విషయంలో మాత్రం పనికొస్తుంది. చెరువు కింద మడులున్న ప్రతి ఊళ్ళోనూ నీరుగంటి అని ఒకరుండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఎవరి మడికి ఎంతసేపు పారాలి, ఎవరి తర్వాత ఎవరు అన్నది అతని చేతిలో ఉండేది. రైతు ఎంత పెద్దవాడైనా సొంతంగా తూము ముట్టుకోకూడదు. అతనికి కూలి కింద పంటలో గింజలు కొలిచేవాళ్ళు. చాలాచోట్ల ఈ పని దళిత కుటుంబాలది. ఊరి నీళ్ళన్నీ పంచే మనిషికి ఆ చెరువు కింద సొంత మడి ఉండటం అరుదు; ఆ కథ వేరే రాయాలి.

కంప్యూటర్లలో నీరుగంటి 1983లో వచ్చాడు. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఆ ఏడాది వ్యాక్స్‌క్లస్టర్ అనే ఏర్పాటు ప్రకటించింది. అందులో అనేక కంప్యూటర్లు ఒకే డిస్కు మీద నిజంగానే కలిసి రాయగలవు. కాకపోతే రాయబోయే ముందు తాళం అడగాలి. ఆ తాళాల్లో ఆరు రకాలు: నేను ఊరికే నిలబడి ఉంటాను అన్న దగ్గర్నుంచి నేను తప్ప ఇంకెవరూ ముట్టకూడదు అన్నదాకా. అడిగినవాళ్ళకి వరుసలో తాళం దొరుకుతుంది. పని కాగానే వదలాలి. నీరుగంటి ఒక మనిషి. ఈ తాళాల వ్యవస్థ మాత్రం అన్ని యంత్రాల మీదా పరుచుకుని ఉంటుంది, ఒకటి పడిపోయినా మిగతావి దాని వంతు చూసుకుంటాయి. తర్వాత వచ్చిన జీఎఫ్‌ఎస్, ఓసీఎఫ్‌ఎస్2 లాంటివన్నీ ఈ దారిలోవే. పెద్ద డేటాబేసులకి ఇది కావాలి. కానీ ఖర్చుంది: ప్రతి అడుగుకీ అడగాలి, ఆగాలి. వీఎంవేర్ వాళ్ళ వీఎంఎఫ్‌ఎస్‌ని చూడండి. ఒక డిస్కుని అనేక సర్వర్లు పంచుకోవడానికే దాన్ని కట్టారు. అందులో కూడా ఒక వర్చువల్ మెషీన్ తాలూకు ఇమేజ్ ఫైలుని మామూలుగా ఒక్క సర్వరే పట్టుకుని ఉంటుంది. గది ఉమ్మడిది, ఎవరి పెట్టె తాళం వాళ్ళదే.

పదిమంది మధ్య ఒక డిస్కు పంచడానికి మా బోటి వాళ్ళు రోజూ వాడేది మళ్ళీ కేంబ్రిడ్జ్ వాళ్ళ పాత దారే, కొత్త బట్టల్లో. ఫాబ్రిస్ బెలార్ అనే ఫ్రెంచి ప్రోగ్రామర్ 2003లో బయటపెట్టిన క్యూఎమ్యు అనే ఎమ్యులేటర్‌లో క్యూకౌ అని ఒక డిస్కు ఇమేజ్ పద్ధతి ఉంది. ఆ పేరులో కౌ అంటే ఆవు కాదు, రాసేటప్పుడే నకలు తీయడం అన్నదానికి పొట్టిపేరు. ముందు ఒక మెషీన్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ ఇన్‌స్టాల్ చేసి, ఆ ఇమేజిని పక్కన పెట్టేస్తారు. అది పునాది. దాని మీద ఒక్కో వర్చువల్ మెషీన్‌కి ఒక ఖాళీ పొర పరుస్తారు. పొర పుట్టినప్పుడు దానిలో దాదాపు ఏమీ ఉండదు, నా పునాది ఫలానా ఫైలు అన్న ఒక్క ముక్క తప్ప. మెషీన్ ఏదైనా చదవబోతే ముందు పొరలో చూస్తుంది. లేకపోతే పునాదికి దిగుతుంది. రాయబోతే పునాదిని ముట్టదు. ఆ ముక్కని, మామూలుగా 64 కిలోబైట్లది, పొరలోకి తెచ్చుకుని అక్కడ మారుస్తుంది. ఆ తర్వాత ఆ ముక్క కోసం ఎప్పుడూ పునాది దాకా వెళ్ళదు.

4 జీబీ పునాది మీద పది మెషీన్లు లేపితే, విడివిడి నకళ్ళయితే 40 జీబీ కావాలి. ఇలా అయితే 4 జీబీ, పైన ఎవరెంత రాసుకుంటే అంత. అయితే ఒక నియమం ఉంది, దానికి మినహాయింపు లేదు: పొరలు పుట్టాక పునాదిని మార్చకూడదు. పొరలకి ఫైళ్ళ సంగతి తెలియదు, గడుల సంగతే తెలుసు. పునాదిలో ఒక ఫైలు జరిగితే, పొరలో ఉన్న పాత జాబితా దాన్ని పాత చోటే వెతుకుతుంది. ఒకరి మంచికోసం పునాదిలో చేసిన చిన్న రిపేరు పది మందినీ పడగొడుతుంది. మా ఆఫీసుల్లో పునాదిని గోల్డెన్ ఇమేజ్ అంటారు. దానిలో మార్పు కావాలంటే కొత్త పునాది కట్టి, దాని మీద కొత్త పొరలు పరుచుకోవాల్సిందే. 2013లో వచ్చిన డాకర్ లోకమంతా వ్యాపించింది కూడా ఈ పొరల మీద పొరల ఆలోచనతోనే.

2017 ఆగస్టులో క్యూఎమ్యు 2.10 వచ్చినప్పుడు ఒక చిన్న మార్పు జరిగింది. అప్పటిదాకా ఒక ఇమేజిని రెండు మెషీన్లకి రాసే హక్కుతో తగిలిస్తే అది మారుమాట్లాడకుండా ఒప్పుకునేది. ఆ వెర్షన్ నుంచి ఒప్పుకోవడం మానేసింది. రాసే తాళం దొరకలేదు, ఇంకెవరైనా ఈ ఇమేజిని వాడుతున్నారా అని అడిగి ఆగిపోతుంది. తెలిసే చేస్తున్నాననేవాళ్ళకి వేరే ఆప్షన్ ఉంది, కానీ దాన్ని చేత్తో రాయాలి. అంటే ఎండబ్ల్యూ తలుపు ఇప్పటికీ ఉంది. ముందు నిలబడి ఒక మనిషి అడుగుతున్నాడు, అంతే తేడా.

సాహిత్య పత్రికలో ఇదంతా ఎందుకంటే, చాలామంది చేతులు పడిన పుస్తకం అనగానే నాకు ఈ పొరలే గుర్తొస్తాయి. వేమననే తీసుకోండి. ఆయన సమాధి అని చెప్పే చోటు కదిరి వైపు కటారుపల్లిలో ఉంది, నిన్నమొన్నటిదాకా మా జిల్లానే. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపలో ఉద్యోగంలో చేరిన ఇంగ్లీషు దొర. వేమన తాటాకు ప్రతుల్ని ఊరూరా పోగేయించి, పండితుల చేత పోల్చి చూపించి, 1829లో 693 పద్యాలు అచ్చేశాడు. పదేళ్ళ తర్వాత, 1839లో, మళ్ళీ వేసినప్పుడు అవి 1,164 అయ్యాయి. పదేళ్ళలో వేమన కొత్తగా రాసిందేమీ లేదు. పద్యాల సంఖ్య, వరుస, పాఠం ప్రతికీ ప్రతికీ మారేవి. చివర ఆ మకుటం తగిలిస్తే ఎవరి పద్యమైనా వేమనదైపోతుంది. క్యూకౌ ఫైలుకి మొదట్లో నాలుగు బైట్ల గుర్తు ఉంటుంది, అది చూసి ప్రోగ్రాము దాన్ని తనవాడిగా ఒప్పుకుంటుంది. వేమనకి ఆ గుర్తు చివర్లో ఉంది, అంతే.

బ్రౌన్ చేసిన పనిని మా భాషలో చెప్పాలంటే, పునాది ఫైలు పోయిన పొరలన్నిటినీ ముందేసుకుని పునాదిని ఊహించడానికి ప్రయత్నించాడు. అలాంటి ఫైళ్ళని మా దగ్గర ఏ ప్రోగ్రామూ తెరవదు. మరి వేమన ఎలా తెరుచుకున్నాడు? ఇంతమంది ఇన్ని దిక్కుల నుంచి రాస్తే డిస్కు పాడవుతుందని చెప్పి, పద్యాలు బతికాయంటే ఎలా? తాటాకు ప్రతి ఎప్పుడూ పూర్తి నకలు. రాసుకున్నవాడు మొత్తం రాసుకున్నాడు, తన ఆకుల మీద రాసుకున్నాడు. దిద్దితే తన ఆకునే దిద్దాడు. పక్క ఊరి ప్రతి చెడలేదు. ఎవరో దొంగ పద్యం చేర్చినా, ఒక మంచి పద్యం వదిలేసినా, నష్టం ఆ కట్ట వరకే. వేమనది ఉమ్మడి రచన అని మనం మురిసిపోతాం గానీ, ఉమ్మడిగా ఉన్నది వినికిడే. రాత ఎవరిది వాళ్ళదే. నా లెక్కలో వేమన మిగలడానికి సగం కారణం ఆయన గొప్పతనమైతే, సగం కారణం తాటాకుకి డబ్బులక్కర్లేకపోవడం.

ఇప్పుడు ల్యాబుల దగ్గరికి. నేను ఇంజినీరింగ్ చదివిన కాలేజీలో (పేరెందుకులెండి) ల్యాబు మెషీన్లన్నిటికీ ఒక సాఫ్ట్‌వేర్ వేసి ఉంచారు. మనం ఏం చేసినా అది పునాదిని ముట్టనివ్వదు, పొరలో రాయిస్తుంది. మెషీన్ ఆపగానే పొరని పారేస్తుంది. పొద్దున్నే ప్రతి కంప్యూటరూ కొత్త పెళ్ళికూతురిలా ఉండేది. వైరస్‌ల బెడద చూస్తే ల్యాబు అసిస్టెంటుని తప్పు పట్టలేం. కానీ రెండు గంటలు కూర్చుని రాసిన సీ ప్రోగ్రాము కరెంటు పోగానే పోయేది, అనంతపురంలో కరెంటు పోవడం ఒక సంఘటన కాదు. మా క్లాసులో పెన్‌డ్రైవ్ ఉన్నవాళ్ళకి ఏ-డిస్కు ఉన్నట్టు. లేనివాళ్ళు చదవొచ్చు, చెయ్యొచ్చు, ఇంటికి పోవచ్చు. ఎనిమిది సెమిస్టర్లలో ఎవరు ప్రోగ్రామర్లయ్యారో, ఎవరు కాలేదో లెక్క తీస్తే మార్కుల కంటే పెన్‌డ్రైవ్ ఎక్కువ చెప్తుందని నా అనుమానం. 1972లో కేంబ్రిడ్జ్ వాళ్ళు పంపకంలో రెండు సగాలు ఇచ్చారు: ఉమ్మడి పునాది, సొంత పొర. మన దాకా వచ్చేసరికి మొదటి సగమే వచ్చింది. పునాదిని కాపాడటానికి మన దగ్గర బడ్జెట్ ఉంటుంది. పొరని దాచడానికి ఉండదు.

పంపకమే అక్కర్లేదనుకున్న రోజు కూడా వచ్చింది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకీ టీచర్లకీ కలిపి దాదాపు 5 లక్షల ట్యాబులు పంచింది, పాఠాలు ముందే నింపి. నెట్ లేని ఇళ్ళలో కూడా తెరుచుకునేలా. డబ్బాల కాలంతో పోలిస్తే ఎంత దూరం వచ్చామో. అయినా అది ఒకే కంటెంట్‌కి లక్షల నకళ్ళు, పిల్లలు వేరే యాప్‌లు వేసుకోకుండా తాళం వేసినవి. చూడటం కోసం ఇచ్చిన వస్తువు అది. పిల్లాడు ఏం రాస్తాడన్నది ఆ పథకంలో ప్రధానమైన ప్రశ్న కాదు.

మా మేనమామ కళ్యాణదుర్గం వైపు ఒక హైస్కూల్లో లెక్కల టీచరు. వాళ్ళ బడిలోనూ ఒక పీసీని పంచుకునే ల్యాబు ఉండేది. నేను ఫైనలియర్‌లో ఉండగా సెలవులకి వెళితే ఒకసారి పిలుచుకుపోయాడు. పిల్లలందరికీ ఒకటే లాగిన్. ఒకటే ఫోల్డరు. పెయింట్‌లో బొమ్మ వేసి సేవ్ చేస్తే అందరి బొమ్మకీ ఒకటే పేరు: అన్‌టైటిల్డ్. ఎవరు చివర సేవ్ చేస్తే వాళ్ళదే మిగిలేది. ఇద్దరు కరణాల కథే, నలభై మంది కరణాలతో.

"ఒరేయ్, పొద్దున ఎనిమిదో తరగతోళ్ళు గీసినేవి మద్దేన్నానికి తొమ్మిదో తరగతోళ్ళు చెరిపేస్తాండారు. ఒగొగరికీ ఒగొగ అర ఉంటే సాలు గదరా. చెయ్యను రాదా దాంట్లో?" అన్నాడు.

చెయ్యను వస్తుంది. ఎప్పుడూ వచ్చేది. ఒక్కో పిల్లాడికీ ఒక లాగిన్ ఇచ్చి, దానికో ఫోల్డరు ఇచ్చి, పక్కవాళ్ళది ముట్టకుండా చూడటం ఆ వ్యవస్థలో మొదటినుంచీ ఉన్న పనే. వందల పేర్లు కూర్చుని ఎక్కించే మనిషే ఉండడు. మామయ్య హాజరుపట్టీ తెచ్చాడు. తొమ్మిది, పది తరగతులవి, మొత్తం అరవై పేర్లు. రోల్ నంబర్లే లాగిన్లుగా ఒక చిన్న స్క్రిప్టు రాశాను. ఒక్కొక్కరికీ 20 ఎంబీ. మిగతా తరగతుల వాళ్ళకి పాత ఉమ్మడి లాగినే. ఆ రెండు తరగతుల గోడ మీద మామయ్య చాక్‌పీసుతో నియమాలు రాశాడు, అందులో మొదటిది పక్కోడి అరలో చెయ్యి పెట్టకూడదని.

మరుసటి జూన్‌లో ఫోన్ చేశాడు. అప్పటికి నేను బెంగళూరులో ఉద్యోగంలో చేరాను. పదో తరగతోళ్ళు పాసైపోయినారు, కొత్తోళ్ళు వస్తాండారు, పాతోళ్ళ అరలు తీసేసేదా అని అడిగాడు. మొత్తం ఎంత జాగా పట్టిందో చూడమన్నాను. ఎక్కడ నొక్కాలో చెప్తూ పోతే, కాసేపటికి ఒక అంకె చదివాడు. ముప్పై మంది ఏడాదిపాటు దాచుకున్నదంతా కలిపి ఒక సినిమా సీడీకి సరిపడినంత కూడా లేదు.

ఉంచెయ్యమన్నాను.